మేనమామ బండికి లోపలి వైపు

మొదలుపెట్టిన రోజున మత్తయ్య చేతిలో ఉన్న సరుకు ఇది: సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు పక్కన ఒక తుక్కు ఇనుము దొడ్డి. అందులో ఒక పాత చిన్న కారు, ఒళ్ళంతా తుప్పు పట్టినా ఇంజను మాత్రం గట్టిది. దాని కొలతకు పైపులతో వెల్డింగ్ చేయించిన చట్రం. ఫంక్షన్ హాల్లో స్టేజీ విప్పినప్పుడు ఊరికే వచ్చిన పద్నాలుగు థర్మోకోల్ దిమ్మలు. అరవై రెండు రోజుల గడువు. వీటన్నిటికీ పైన, చేతిపని చేసుకుని బతికేవాళ్ళంటే ముప్పై ఏళ్ళుగా పోగేసుకున్న చులకన. మిగతా సరుకు చాలుతుందో లేదో గానీ ఆ చివరిది మాత్రం పది బండ్లకు సరిపోయేంత ఉంది.

తుక్కు వ్యాపారికి చులకన అలవాటు కావడంలో వింత లేదు. ఎవడో నెల రోజులు కూర్చుని చెక్కిన తలుపును అతను కిలోల లెక్కన కొంటాడు. కిలోల లెక్కన కొన్న వస్తువు వెనక మనిషి కనపడడు. మత్తయ్యకు మనుషులు కూడా అలాగే కనిపించేవారు. ఎదురొచ్చిన ప్రతివాడికీ ఒక పేరు తగిలించి, తూకం వేసి, పక్కన పడేసేవాడు. కోదాడలో హైస్కూలు టీచరుగా చేసే చెల్లెలి మొగుడు ఏసుబాబు ఎప్పుడూ ఇస్త్రీ చెడని తెల్ల చొక్కాలో ఉంటాడు కాబట్టి అతను ‘గంజి చొక్కా’. దొడ్డిలో రాగి తీగలు ఏరే వెంకటనర్సమ్మ, పెన్‌పహాడ్‌లో తన కాలంలో మట్టితో మెత్తిన ధాన్యపు గుమ్ముల సంగతి రోజూ చెబుతుంది కాబట్టి ఆమె ‘గుమ్మి ముసలి’. మత్తయ్య పేరు పెట్టని మనిషి లోకంలో ఒక్కతే, చెల్లెలు ఉషారాణి కూతురు జ్యోత్స్న. పిల్లల్లేని మత్తయ్య దొడ్డిలోనే ఆ పిల్ల వేసవి సెలవులన్నీ గడిపింది. గేర్లు మార్చడం అక్కడే నేర్చుకుంది.

ఇప్పుడు ఆ జ్యోత్స్నకు పెళ్ళి. మే ఇరవై రెండున, మిర్యాలగూడలో పెళ్ళికొడుకు వాళ్ళ చర్చిలో.

హిందువుల పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురిని మేనమామ బుట్టలో తెస్తాడు. వీళ్ళ చర్చి కుటుంబాల్లో బుట్ట పోయింది గానీ మేనమామ పోలేదు. పిల్లను చర్చి గేటు దాకా తేవలసింది అతనే, అదీ తన సొంత బండి మీద. ఉషారాణిని వాళ్ళ మేనమామ తాను నడిపే లారీ ముందు సీట్లో కూర్చోబెట్టి తెచ్చాడు. ఇరవై ఆరేళ్ళయినా చుట్టాలు ఆ లారీ గురించి చెప్పుకుంటూనే ఉన్నారు. అందుకే మార్చిలో కోదాడలో నిశ్చితార్థం భోజనాల దగ్గర మత్తయ్య లేచి అందరూ వినేలా అన్నాడు, “నా కోడల్ని కొన్న బండ్ల తీస్కపోను. నా చేతుల్తోని చేసిన బండ్ల తీస్కపోత.”

ఏసుబాబు విస్తరి మీంచి తల ఎత్తలేదు. “చాలా సంతోషం బావగారూ. కాకపోతే దార్లో దిగి తూకం వేసుకోవాల్సిన బండి మాత్రం తేకండి.”

పంక్తి అంతా నవ్వింది.

“నవ్వుతున్నవా బావా? ఆనాడు సూస్తవు.”

“చూస్తానండీ. ఇరవై రెండు పొద్దున ఎనిమిదింటికి మీ బండి మా గుమ్మం ముందు ఉంటే మీ వెనకే వస్తాం. లేదంటే మా అన్నయ్య కారు తెస్తాడు, పిల్లను ఆయనే తీసుకెళ్తాడు. ఇక్కడున్న వాళ్ళంతా సాక్షులు.”

బేరం కుదిరిపోయింది. ఒక పక్క పళ్ళెంలో బండి, రెండో పక్క పళ్ళెంలో మేనమామ.

పాత కారు ఇంజనుకు, చట్రానికి పైన కొత్త ఫైబర్ ఒళ్ళు తొడగాలని మత్తయ్య మర్నాడే కోదాడ బైపాస్ పక్కన జగదీష్ షెడ్డుకు వెళ్ళాడు. జగదీష్ ఫైబర్ పని చేస్తాడు. ఆటో టాపులు, నీళ్ళ ట్యాంకు మూతలు, పార్కుల్లో పిల్లలు జారే బల్లలు అతని చేతిలోంచే వస్తాయి. గాజు దారాలతో చేసిన మ్యాటు గుడ్డను అచ్చు మీద పరిచి, బ్రష్షుతో రెసిన్ అనే జిగురు పూసి తడిపి, గాలి బుడగలు నొక్కి తీసి, గట్టిపడ్డాక అచ్చునుంచి ఊడదీస్తాడు. మత్తయ్య ఒక గంట నిలబడి చూశాడు. గంటలో వ్యాపారం మొత్తం అర్థమైపోయిందనుకున్నాడు.

“గింతేనా? గుడ్డ పరుసుడు, జిగురు పూసుడు. గోడకు పోస్టర్లు అతికెటోడు చేసే పని గదనయ్యా!”

“అంతేనండి సేటుగారూ,” అన్నాడు జగదీష్ ఏ మాత్రం నొచ్చుకోకుండా. “ముందు ఇంటికెళ్ళి ఒక బకెట్ మూత చేసి చూడండి. అది బాగా వస్తే అప్పుడు కారు సంగతి మాట్లాడదాం.”

పని మొదలుపెట్టే ముందు జగదీష్ మోచేతుల దాకా పౌడరు రుద్దుకోవడం, ఆ ఎండల్లోనూ నిండు చేతుల చొక్కా వేసుకోవడం మత్తయ్య కళ్ళబడింది. “పెండ్లిపిల్ల లెక్క పౌడరేందిరా నీకు?”

“గాజు నూగండీ. చెమటతో పాటు చర్మంలో దిగిందంటే రెండ్రోజులు గోక్కుంటూ కూర్చోవాలి.”

మత్తయ్య అతనికి అక్కడికక్కడే ‘పౌడరు దొర’ అని పేరు పెట్టి, హైదరాబాదు నుంచి రెసిన్ డబ్బాలు, మ్యాటు చుట్టలు తెప్పించుకుని సూర్యాపేట చేరాడు. బకెట్ మూత చేయలేదు. మూతలు చేయడం మూతలు అమ్మేవాళ్ళ పని.

థర్మోకోల్ దిమ్మలు అతికించి, హాక్సా బ్లేడుతో తొమ్మిది రోజులు చెక్కాడు. ముందు భాగం గుండ్రంగా, వెనక భాగం కొంచెం ఎత్తుగా, పక్కలు బోర్లించిన పడవలా వచ్చాయి. దొడ్డిలో పనివాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. జీతం ఇచ్చేవాడి చెక్కుడును మెచ్చుకోకుండా ఎలా ఉంటారు? పదో రోజు పొద్దున మ్యాటు పరిచి మొదటి మగ్గు రెసిన్ పోశాడు. అయిదు నిమిషాల్లో కారు మూతి లోపలికి కుంగింది. పదిహేను నిమిషాలకు వానలో పెట్టిన ఉప్పు మూటలా కరిగి, మ్యాటుతో సహా నేలమీద జిగట గుంటయింది. రెసిన్ థర్మోకోల్‌ను తింటుందని జగదీష్‌ను అడిగితే ఒక్క ముక్కలో చెప్పేవాడు. అడగడమంటే తనకు తెలియదని ఒప్పుకోవడం. ఆ ఖర్చు మత్తయ్య ఏనాడూ పెట్టలేదు.

రాగి తీగలు ఏరుతున్న వెంకటనర్సమ్మ లేచి వచ్చి ఆ గుంటను చూసింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మాటకు భయం లేదు.

“ఏమైంది కొడుకా, బండి ఇంకిపోయిందా?”

“పో ముసలీ, నీ పని సూస్కో.”

“నా పని సూస్తనే ఉన్న. నీ పనే కానొస్తలేదు. గా తెల్లటి బూరుగు ముద్దలెందుకు? గుమ్మి లెక్క వెదురు తడక అల్లి మట్టి మెత్తరాదు? మట్టిని ఏ జిగురు తింటది?”

మత్తయ్య రెండు రోజులు ఆ మాట విననట్టు నటించాడు. మూడో రోజు వెదురు తడకలు తెప్పించి, ఆ ఆలోచన తనదే అయినట్టు ఆమెకు పని పురమాయించాడు. ధాన్యం పోసే గుమ్మి ఎలా ఉంటుందో ఆ అచ్చూ అలాగే లేచింది. కడుపు ఖాళీ, చుట్టూ తడక, తడక మీద ఎర్రమట్టి, పేడ, పొట్టు కలిపి మెత్తిన రెండంగుళాల పూత. సీట్లు వచ్చే చోట పైన పెద్ద ఖాళీ వదిలారు. ఎండకు పగిలిన చోటల్లా వెంకటనర్సమ్మ వేలితో పూడ్చింది. ఏప్రిల్ ఎండ వారంలో దాన్ని కుండలా ఎండబెట్టింది. రెసిన్ మట్టికి అంటకుండా పైనంతా పార్సిళ్ళకు అతికించే టేపు వరసలుగా అంటించారు.

ఈసారి రెసిన్ నిలబడింది. కానీ హార్డనర్ అనే మందు ఒకటుంది. దాన్ని చుక్కల్లో కలపాలి. మత్తయ్య సీసా మూతల లెక్కన కలిపాడు. ఎక్కువ వేస్తే తొందరగా గట్టిపడుతుంది గదా అని అతని లెక్క. నలభై మూడు డిగ్రీల ఎండలో మగ్గు చేతిలోనే బుసబుసా పొగలు కక్కి, ప్లాస్టిక్ అడుగు కరిగి చెప్పు మీద పడింది. బొటనవేలి చర్మం ఊడొచ్చింది. అలా మూడు మగ్గులు తగలబెట్టాక గానీ మందు తగ్గించడం, తెల్లవారుజామున చల్లటి పూట పని చేయడం తెలిసిరాలేదు. గాజు నూగు సంగతీ అప్పుడే తెలిసింది. రెండు చేతులూ ఎర్రగా దద్దుర్లు లేచి, అన్నం తింటూ మోచేతిని గోడకేసి రుద్దుకునేవాడు. ఎవరికీ చెప్పకుండా పౌడరు డబ్బా కొన్నాడు, నిండు చేతుల చొక్కాలు తొడగడం మొదలుపెట్టాడు. ఆ పాఠం తన చేతుల వరకే నేర్చుకున్నాడని తర్వాత తేలింది.

మే అయిదున అచ్చు మీద గట్టిపడ్డ ఫైబర్ డొప్ప ఊడదీయాలి. ఎనిమిది మంది పట్టుకుని లేపారు. కదల్లేదు. గడ్డపారతో తన్నినా కదల్లేదు. అచ్చు పైన వెడల్పు, కింద సన్నం. అలాంటిదానికి చొక్కా తొడిగితే ఎలా ఊడుతుంది? ఏ చిన్న పనివాడికైనా తెలిసే సంగతి, ముప్పై ఏళ్ళ వ్యాపారికి అప్పుడు తెలిసింది. కోసేద్దామని మత్తయ్య గ్రైండర్ అందుకున్నాడు. కోస్తే మళ్ళీ అతికించడానికి గడువు లేదు.

“గా మిషను కింద పెట్టు కొడుకా,” అంది వెంకటనర్సమ్మ. “లోపలున్నది మట్టి. మట్టికి గడ్డపార ఎందుకు? పైపు పెట్టి నీళ్ళు ఇడువు.”

సీట్ల ఖాళీలోంచి పొద్దస్తమానం నీళ్ళు వదిలారు. మట్టి నాని బురదయి జారింది. తడకలను కొడవలితో కోసి ముక్కలుగా లాగేశారు. సాయంత్రానికి నలుగురు మనుషులు ఎత్తగలిగిన కారు ఒళ్ళు ఒకటి దొడ్డి మధ్యలో మిగిలింది. మత్తయ్య దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ముసలిదాన్ని మెచ్చుకోవాలని నోటి దాకా వచ్చింది. “బురద ఎత్తి బయట పోయ్,” అన్నాడు.

డొప్ప పలచగా ఉండి వేలితో నొక్కితే ఊగింది. లోపలి నుంచి ఇంకో రెండు పొరల మ్యాటు, అడ్డంగా పక్కటెముకల్లాంటి పట్టీలు వేశాడు. దాంతో గట్టిపడింది. అయితే లోపలంతా గాజు దారాలు ముళ్ళలా లేచి, గరుకు గోనెలా ఉంది. బయట పుట్టీ పెట్టి, తడిపిన గరుకు కాగితంతో రుద్ది, ఎర్ర రంగు కొట్టాడు. చట్రం మీద బిగించాడు. మే ఇరవై పొద్దునకు ఒక్క పూత రంగు అయింది. రెండు రోజులు, ఒక డబ్బా రెసిన్, ఒక డబ్బా రంగు మిగిలాయి. లోపల రుద్ది నున్నగా పూత వేయాలంటే రెండు రోజులు. బయట రెండో పూత రంగుకూ రెండు రోజులే.

వెంకటనర్సమ్మ లోపల చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. “లోపల అలకవా?”

“లోపల ఎవడు సూస్తడు?”

“సూసుడు కాదు కొడుకా. గుమ్మికి మేం ముందుగాల లోపలే అలుకుతుంటిమి. గింజ ఉండేది లోపలనాయె.”

“ఇది గుమ్మి కాదు, కారు. కారు కొనెటోడు చుట్టూ తిరిగి సూస్తడు, లోపల నాకి సూడడు. ముప్పై ఏండ్ల సంది అమ్ముతున్న, నాకు చెప్తవా?”

నిజమే, పాత ట్రాక్టరు మడ్గార్డులకు బయట రంగు కొట్టి అమ్మిన అనుభవం అతనికి ఉంది. వాటి లోపల ఎవరూ కూర్చోరు, అంతే తేడా. రెండో పూత రంగు కొట్టాడు. సీటుకు మాత్రం నీలం మఖమలు గుడ్డ వేయించాడు. పిల్ల కూర్చునేది సీటు మీద గానీ తలుపు మీద కాదు గదా!

ఇరవై రెండున, ఎనిమిదికి పది నిమిషాల ముందు ఎర్ర బండి కోదాడలో ఏసుబాబు గుమ్మం ముందు ఆగింది. ఏసుబాబు చుట్టూ ఒకసారి తిరిగాడు. లోపల నాకి చూడలేదు. “బావగారూ, మాట నిలబెట్టుకున్నారండీ,” అన్నాడు. అతని వెనక అన్నయ్య తెచ్చిన తెల్ల కారు పువ్వులతో నిలబడి ఉంది. మత్తయ్యకు ఆ పూట తన గెలుపు కంటే ఆ పువ్వులు వృథా కావడమే ఎక్కువ తీపిగా అనిపించింది.

జ్యోత్స్న తెల్ల పట్టుచీర, పొట్టి చేతుల జాకెట్టుతో వచ్చి వెనక సీట్లో కూర్చుంది. “మామయ్యా, నిజంగా నువ్వే చేశావా?”

“మరి పౌడరు దొర చేసిండా?”

పైకప్పు లేని బండి. హుజూర్‌నగర్ దాకా ఆ పిల్ల కుడిచేత్తో దారిలో వాళ్ళకు చెయ్యి ఊపుతూ, ఎడమచేతిని తలుపు లోపలికి ఆనించి కూర్చుంది. ఎండ ఎక్కింది, చెమట పట్టింది. నేరేడుచర్ల ఇంకా రాకముందే ఆమె గోక్కోవడం మత్తయ్యకు అద్దంలో కనిపించింది.

“మామయ్యా, చెయ్యంతా మండుతోంది. ఏం కుట్టింది?”

ఏం కుట్టిందో అతనికి ఒక్క క్షణంలో తెలిసింది. నేరేడుచర్లలో వెనక వస్తున్న బండ్లను ముందుకు పొమ్మని చెయ్యి ఊపి, బండి ఆపి, కిరాణా కొట్లో పౌడరు డబ్బా కొనుక్కొచ్చి ఆమె చేతికి మెత్తాడు. నూగు దిగక ముందు పూసుకునే పౌడరు, దిగాక పూస్తే ఏం లాభం? దద్దుర్ల మీద తెల్ల పూత అయింది.

జ్యోత్స్న తన చేతినీ, మామ నిండు చేతుల చొక్కానూ మార్చి మార్చి చూసింది. “నీకు తెలుసా, ఇలా అవుతుందని?”

మత్తయ్య పౌడరు డబ్బా మూత బిగించాడు. విప్పి మళ్ళీ బిగించాడు.

“సరేలే, పోనియ్యి,” అంది ఆ పిల్ల. “అడిగితే చెమటకాయలని చెప్తాలే. నాన్నకి మాత్రం తెలియనివ్వకు, జన్మంతా అంటాడు.”

మిర్యాలగూడ చర్చి గేటు దగ్గర మేనమామ చెయ్యి పట్టుకుని పెళ్ళికూతురు దిగింది. అంతవరకు లెక్క సరిపోయింది. లోపల ప్రమాణాలు చెప్పేటప్పుడు ఆమె “కష్టంలోను” అని ఆగి గోక్కుంది, “సుఖంలోను” అని ఆగి గోక్కుంది. పాస్టరు ఏడుస్తోందనుకుని ధైర్యంగా ఉండమన్నాడు. పెళ్ళికొడుకు నరేష్ ఎంతో ప్రేమగా ఆ చేతిని పట్టుకుని, కాసేపట్లో తన చేతిని కూడా ప్యాంటుకు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. ఎవరడిగినా జ్యోత్స్న “చెమటకాయలు” అనే చెప్పింది. అందరూ నమ్మారు. మే నెలలో మిర్యాలగూడలో చెమటకాయలను నమ్మనివాడెవడు?

బయటకొచ్చాక భోజనాల హాలుకు వెళ్ళాలి. జ్యోత్స్న భర్తతో ఎర్ర బండి దాకా వచ్చి, లోపలికి ఒక చూపు చూసి, “ఏసీ బండిలో వెళ్దాం, ఎండగా ఉంది,” అంది. తెల్ల కారు తలుపు మత్తయ్యే తెరిచి పట్టుకున్నాడు. ఏసుబాబు అది చూశాడు. అయినా పాపం, మొదటిసారి నిజంగా మర్యాద చేయాలనుకున్నాడేమో, “మీరు ఒక్కరే ఎందుకు వెళ్తారు బావగారూ, నేను మీ బండిలో వస్తా,” అని పొట్టి చేతుల గంజి చొక్కాతో వచ్చి, జ్యోత్స్న కూర్చున్న చోటే కూర్చుని, మోచేతిని తలుపు లోపలికి ఆనించాడు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. “బావా, చెయ్యి ఆనియ్యకు.” అయిదేళ్ళ పిల్లవాడు కూడా చెప్పగల మాట. చెబితే కోడలు దాచిన గుట్టు దాగి ఉండేది. మత్తయ్య అద్దంలో ఆ ఇస్త్రీ చొక్కాను చూశాడు, తూకం మాటకు పంక్తి అంతా నవ్విన నవ్వు గుర్తొచ్చింది, దగ్గరి దారి వదిలేసి ఊరంతా చుట్టి పోనిచ్చాడు.

పులావు వడ్డించేసరికి ఏసుబాబు రెండు చేతులూ, మెడా గోక్కుంటూ లేచాడు. పక్కనే ఉషారాణి కూతురి చేతినీ మొగుడి చేతినీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండు చోట్లా ఒకే దద్దుర్లు, ఎడమ మోచేతి కిందే. కూతురు చెప్పిన చెమటకాయలు అక్కడితో ఖతం.

“అన్నా, బండ్ల ఏం బెట్టినవే?” అని గట్టిగా అడిగింది ఉషారాణి.

“ఏం పెట్టలేదు. లోపల అలకలే.”

అప్పుడు ఏసుబాబు, గంజి దిగిన చొక్కాతో, ఎడమచేత్తో మెడ గోక్కుంటూ, జీవితంలో ఒకే ఒక్కసారి బావకు పేరు పెట్టాడు. “దురద మామ.”

ఈసారి నవ్వింది ఒక్క పంక్తి కాదు.

మర్నాడు మత్తయ్య మోచేతుల దాకా పౌడరు రుద్దుకుని ఆ బండి లోపల కూర్చున్నాడు. మూడు రోజులు రుద్ది, రెండు పూతలు నున్నగా వేశాడు. వెంకటనర్సమ్మ వచ్చి లోపల అరచెయ్యి ఆడించి చూసి, “ఇగ గింజ పోసుకోవచ్చు,” అంది. పోయడానికి గింజ లేదు. అది మిర్యాలగూడ చేరిపోయింది.

ఇక చివరి లెక్క. అరవై రెండు రోజులు, ఒక బొటనవేలి చర్మం, తగలబడ్డ మూడు మగ్గులు, కరిగిన పద్నాలుగు దిమ్మలు పోయాయి. వచ్చినవి: లోపలా బయటా నున్నగా ఉన్న ఒక ఎర్ర బండి, పెళ్ళికూతురు ఎక్కవలసిన రోజు దాటిపోయాక. పెళ్ళికూతురు గోక్కుంటున్న ఫొటోలు నూటా పన్నెండు, రెండు కుటుంబాల ఆల్బముల్లోనూ. ఆదివారం ఆరాధన అయ్యాక కోడలు చేసే ఫోను ఒకటి, “మామయ్యా, దురద తగ్గిందా?” అని మొదలయ్యేది. ముప్పై ఏళ్ళుగా అతను ఊరంతటికీ పంచిన పేర్లకు బదులుగా తిరిగొచ్చిన పేరు ఒకటి, కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా చెల్లుబాటయ్యేది. మిగతాదంతా ఏనాటికైనా తూకానికి వేయొచ్చు. ఆ పేరును మాత్రం ఏ తుక్కు వ్యాపారీ కొనడు.